లొల్ల లాకుల పక్కన లోగిలి: కొనబోయేవారికి తిరుగులేని చిట్కాలు

పాల ప్యాకెట్టుకి కూడా కారు తియ్యాల్సిన బతుకు మీద విసుగు పుట్టిందా? లిఫ్టులో రోజూ కనపడే మనిషి పేరేమిటో ఇప్పటికీ తెలియదా? అయితే మీకు కోనసీమలోని ఆత్రేయపురంలో ఓ మండువా ఇల్లు అత్యవసరం. వీధరుగు, కాలవ గట్టు, పెరట్లో కొబ్బరిచెట్లు, నాలుగడుగులేస్తే కిరాణా కొట్టు, ఇంకో నాలుగేస్తే గుడి, దారి పొడుగునా పూతరేకులు. అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే. ఇంత మంచి ఊళ్లో ఇల్లు కొనడానికి ఇంటి గురించి గానీ ఊరి గురించి గానీ కాగితాల గురించి గానీ తెలియాల్సిన పని లేదు. ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: ఊళ్లోవాళ్లని ఏదీ అడక్కూడదు. మిగతా చిట్కాలన్నీ దీని పిల్లలే.

1. సంక్రాంతికే చూడండి, ఆ పూటే అడ్వాన్సివ్వండి

ఇల్లు చూడ్డానికి ఏడాది మొత్తానికి సరైన వారం ఒక్కటే. సంక్రాంతికి కాలవ నిండుగా ఉంటుంది. ఈమధ్య అందులో పడవ పోటీలు కూడా పెడుతున్నారు. వీధి నిండా ముగ్గులు, ఊరి నిండా అల్లుళ్లు. అమ్మేవాళ్ల చుట్టాలందరూ పండక్కి ఊళ్లోనే ఉంటారు కాబట్టి ఆ ఇంటికి ఎంతమంది హక్కుదారులున్నారో అప్పుడే తేల్చుకోవచ్చు. తేల్చుకోకండి. అరిసె తిని, అడ్వాన్సిచ్చి వచ్చెయ్యండి.

వేసవిలో మాత్రం అటు తొంగి చూడొద్దు. మరమ్మతులకీ పూడికతీతకీ అదే అదనని కాలవలు కట్టేస్తారు. జనవరిలో మీరు సెల్ఫీ తీసుకున్న నీళ్లున్నచోట బురద, గుర్రపుడెక్క, ఖాళీ సీసాలు కనపడతాయి. ధవళేశ్వరంలో మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆ వాసన మీ కొత్తింటి గాలిలో భాగమే. జులై, ఆగస్టు నెలల్లో అసలే వెళ్లొద్దు. ఎందుకో తరవాతి చిట్కాలో చెబుతాను. శనివారం కూడా వద్దు. పక్కనే వాడపల్లి వెంకన్న ఉన్నాడు. ఏడు శనివారాలు వస్తామని మొక్కుకున్నవాళ్లతో ఆవేళ ఈ దారులన్నీ కిటకిటలాడతాయి. అది చూసి ‘ప్రశాంతమైన పల్లె’ అన్న మాట మీద మీకు నమ్మకం సడలితే బ్రోకరుగారి మనసు నొచ్చుకుంటుంది.

2. ఏటిగట్టుకి గోదావరి వైపునే కొనండి

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది. ఆ చీలిక మొదట్లోనే ఆత్రేయపురం మండలం ఉంది. ఏటిగట్టు ఎక్కి చూడండి. గట్టుకి ఊరివైపు స్థలం ప్రియం, నదివైపు చవక. చవకగా వచ్చేదానికి కారణం అడగడం మర్యాద కాదు. పైగా నదివైపైతే మంచం మీంచి లేవకుండానే గోదావరి కనపడుతుంది. కొన్ని రోజుల్లో మంచం కింద కూడా కనపడుతుంది.

పాతకాలపు వాళ్లకి ఓ పిచ్చి ఉండేది. మెరక చూసుకుని, పునాది ఎత్తుగా లేపి, అయిదారు మెట్లెక్కితే గానీ అరుగు రాకుండా కట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఎంత అసౌకర్యం! మీరు పల్లంలో, మురుగు బోదె పూడ్చి మట్టి తోలించిన కొత్త స్థలం చూసుకోండి. ‘‘అది పల్లవండీ బాబూ, నీళ్లు నిలబడిపోతాయండి’’ అని ఎవరైనా ముసలాయన అంటే ఆయనకి మీ మీద అసూయ అని గ్రహించండి.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందనీ, 2022 జులైలో దాదాపు 26 లక్షలు వచ్చిందనీ ఎవరో ఒకరు మొదలుపెడతారు. గోడ మీద నీళ్లు నిలిచిన గీత చూపించబోతారు. మీరు దాన్ని ‘వింటేజ్ ఫినిష్’ అనుకుని ఫొటో తీసుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండోది, 17.75 అయితే మూడోది. మూడు పెట్టారంటే మొదటి రెండూ లెక్కచెయ్యక్కర్లేదనే కదా! లంకల్లోవాళ్లు మాత్రం ముందే గొడ్లని గట్టు మీదికి తోలేస్తారు. వాళ్లకి నది తెలుసు కాబట్టి భయం. మీకు తెలియదు కాబట్టి ధైర్యం.

లంక నేల ఎవరిదన్న చర్చలోకి కూడా దిగకండి. అందులో సర్కారుదెంత, కౌలుదెంత, పట్టాదెంత అని రెవెన్యూవాళ్లు లెక్కలు చెబుతారు. ఏరు ఓ పక్క కోసుకుపోతుంది, ఇంకో పక్క మేట వేస్తుంది. సర్వే రాయి ఉండాల్సినచోట చేపలు తిరుగుతుంటే హద్దుల సంగతి వాటినే అడగండి.

3. అది కుదరకపోతే కాలవ గట్టు మీద కొనండి

కాటన్ దొర హయాంలో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆ నీళ్లే బొబ్బర్లంక దగ్గర ప్రధాన కాలవలో పడి, లొల్ల లాకుల దగ్గర పాయలై, కోనసీమ చేలన్నింటికీ చేరుతున్నాయి. రోడ్లు లేని రోజుల్లో బియ్యం, కొబ్బరికాయ, పెళ్లివారు అందరూ ఈ కాలవల మీదే పడవల్లో వెళ్లేవారు. అంత చరిత్ర ఉన్న నీళ్లు మీ కిటికీ కిందే పారాలంటే ఇల్లు గట్టు మీదే ఉండాలి.

గట్టు ఇరిగేషన్ శాఖది, పోరంబోకు, దాన్ని ఎవరూ అమ్మలేరు అని కొందరంటారు. అమ్ముతున్న మనిషి మీ కళ్లెదుటే ఉన్నాడు కదా, అమ్మలేరంటే ఎలా నమ్మడం? పట్టా అడిగితే ఆయన ఇంటిపన్ను రసీదూ కరెంటు బిల్లూ చూపిస్తాడు. పన్ను కట్టించుకున్నంత మాత్రాన పంచాయతీ హక్కు రాసిచ్చినట్టు కాదనీ, మీటరు బిగించినంత మాత్రాన స్థలం మీదైపోదనీ లాయర్లు అంటారు. అనకపోతే వాళ్లకి ఫీజెవరిస్తారు?

4. కాగితాలు అందంగా ఉన్నాయా లేదా చూడండి, చదవకండి

ఊరి నడిబొడ్డున ఉన్న పాత ఇళ్లలో చాలావాటికి విడివిడిగా సర్వే నంబర్లుండవు. అంతా గ్రామకంఠం కింద ఒకే ముద్ద. తాతల నాటి నుంచి ఉంటున్నాం కాబట్టి మాది, అంతే. గ్రామాల్లో ఇళ్ల స్థలాలు డ్రోన్లతో కొలిచి యజమానులకి కార్డులిచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్‌లో మొదలుపెట్టింది. మీరు కొనే ఇంటికి ఆ కార్డు ఉందా, ఉంటే ఎవరి పేరు మీద ఉంది అని అడిగితే బేరం చెడుతుంది. ‘‘మా ఇంటి మీద డ్రోన్ ఎగిరిందండి’’ అంటే చాలనుకోండి.

ఈసీ, అంటే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్టు, తీయించొద్దు. ఆన్‌లైన్‌లో 1983 నుంచీ ఉన్న లావాదేవీలు బయటపడతాయి. అంతకు ముందువి కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. వందేళ్ల ఇంటికి వందేళ్ల తాకట్లు ఉండొచ్చు. తెలిస్తే మీకు నిద్ర పట్టదు. రిజిస్ట్రేషన్లు చెయ్యకూడని స్థలాల 22ఏ నిషేధిత జాబితా జోలికీ పోవద్దు. చుట్టూ ర్యాలి జగన్మోహినీ కేశవస్వామి దగ్గర్నుంచి ఎన్నో గుళ్లున్న సీమ ఇది. ఒకప్పుడు దేవుడికి రాసిచ్చిన స్థలం మధ్యలో చేతులు మారి మీ దాకా వస్తే అది దైవానుగ్రహమే కదా.

బ్యాంకు అప్పు అసలే వద్దు. వడ్డీ మాట తరవాత, ముందు బ్యాంకు లాయరు కాగితాలన్నీ చదువుతాడు. ‘‘ఈ ఇంటికి లోను రాదండి, రొక్కమే’’ అని అమ్మేవాడే ముందుగా చెప్పాడంటే ఎంత నిజాయితీపరుడో చూడండి.

రిజిస్ట్రేషన్ ఖర్చులు స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, ఫీజు 1 కలిపి 7.5 శాతం. ఇది దండగ. తెల్లకాగితం మీద రాసుకుని, పెద్దమనుషులు ఇద్దరి చేత సంతకాలు పెట్టించండి. వంద రూపాయలూ ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందేనని 1908 నాటి చట్టం అంటుంది. ఏదో తెల్లదొరల నాటి మాట. తప్పక రిజిస్ట్రేషన్ చేయించాల్సి వస్తే విలువ తగ్గించి రాయించి మిగతాది సంచిలో ఇవ్వండి. స్థిరాస్తి బేరంలో 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే ఆదాయపన్ను శాఖ అంత సొమ్మూ జరిమానాగా వెయ్యొచ్చు. రేపు మీరు అమ్మేటప్పుడు ఆ సంచి డబ్బు మీ లెక్కల్లో ఉండదు కాబట్టి, లేని లాభానికి పన్ను కట్టే గౌరవం మీకు దక్కుతుంది.

5. ఆడపడుచుల్ని కదపకండి

మండువా ఇల్లంటే సాధారణంగా ఉమ్మడి ఆస్తి. నలుగురు అన్నదమ్ములు, నాలుగు వాటాలు, మధ్యలో ఒకే మండువా. ఇద్దరు అన్నదమ్ములు సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నారంటే సగం పని అయిపోయినట్టే. సగం ఇల్లు చాలదా? నూతి దగ్గర, మెట్ల దగ్గర మిగతా ఇద్దరితో రోజూ ముఖాముఖీ ఉంటుంది. మీరు కోరుకున్న పల్లె ఆత్మీయత అదే.

ఇక ఆ ఇంట్లో పుట్టి కాకినాడకో విశాఖకో కాపురానికి వెళ్లిన అప్పచెల్లెళ్ల సంగతి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా ఉండాలని ఆంధ్రప్రదేశ్ 1985 నుంచే అమలయ్యేలా చట్టం తెచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆ చట్టం అమల్లోకి వచ్చేనాటికి తండ్రి బతికున్నా లేకపోయినా కూతురి హక్కు హక్కేనని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అయితే ‘‘మా చెల్లాయి బంగారంలాంటి మనిషండి, ఏమీ అనదండి’’ అని అన్నగారు భరోసా ఇచ్చాక ఇంకేం కావాలి? ఆ చెల్లాయి నిజంగానే ఏమీ అనదు. ఆవిడ పిల్లలు పంపిన లాయరు నోటీసే అంటుంది.

6. అమెరికా అబ్బాయి పేరున తోటతో సహా కొనండి

ఇల్లొక్కటే ఎందుకు, వెనక ఎకరం కొబ్బరితోట కూడా కలిపి న్యూజెర్సీలో ఉన్న అబ్బాయి పేరున రాయించండి. ప్రవాస భారతీయులు ఇళ్లు కొనుక్కోవచ్చు గానీ సాగుభూమి, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదని విదేశీ మారకద్రవ్య నిబంధనలు చెబుతాయి. కొబ్బరి చెట్టు దానంతటదే పెరుగుతుంది కదా, సాగెలా అవుతుందని వాదించండి.

తోట మీకు ఆదాయం కూడా తెస్తుంది. దింపు కూలీ, ఒలుపు కూలీ, ఎరువు, నల్లముట్టె పురుగు మందు, అంబాజీపేట మార్కెట్లో ఆ వారం కాయ ధర, ఇవన్నీ హైదరాబాదు నుంచి ఫోన్లో చూసుకోవచ్చు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరితోటల్ని నేలమట్టం చేసిందని ఎవరైనా గుర్తుచేస్తే, ఆకాశం నీలంగా ఉన్న ఫొటో ఒకటి చూపించి నోరు మూయించండి.

7. బ్రోకరు గడియారాన్నే నమ్మండి

‘‘రాజమండ్రికి అరగంటండి.’’ ఈ లెక్క తెల్లవారుజామున, బ్యారేజీ మీద ఎదురుబండి లేకుండా, వానలేని రోజున. బ్యారేజీ మీద మరమ్మతులొస్తే రావులపాలెం వెళ్లి, జొన్నాడ వంతెన దాటి, చుట్టూ తిరిగి రావాలి. అప్పుడు కూడా అరగంటే, కాకపోతే అలాంటివి కొన్ని.

రైలొస్తోందంటే ఇంకో పది లక్షలు ఎక్కువివ్వండి. కోటిపల్లి - నరసాపురం రైలుమార్గం కోసం కోనసీమ పాతికేళ్లుగా ఎదురుచూస్తోంది. అది ముక్తేశ్వరం, అమలాపురం, రాజోలు మీదుగా పోతుంది. ఆత్రేయపురం ఆ దారిలోనే లేదు. అయితేనేం, కూత వినపడితే చాలు, రేటు పెరుగుతుంది.

8. నడిచే ఊరు కాబట్టి పెద్ద కారు తీసుకెళ్లండి

ఊరంతా నడిచి తిరగొచ్చనే కదా ఇల్లు కొన్నారు! కాబట్టి ఏడుగురు పట్టే కారు కొనండి. సైకిలూ ఎడ్లబండీ తప్పుకునేటంత సందు అది. మలుపు దగ్గర ఇరుక్కోగానే ఊరంతా అరుగుల మీదికి వస్తుంది. ‘‘కుడికి కొయ్యండి, ఇంకా కుడికండి’’ అని పదిమంది పది రకాలుగా చెబుతారు. ఊరివాళ్లతో పరిచయాలకి ఇంతకంటే సులువైన మార్గం లేదు. సాయంత్రం కాలవ గట్టు మీద నడవాలనిపిస్తే మాత్రం ట్రెడ్‌మిల్లు తెప్పించి సావిట్లో పెట్టించండి. గట్టు మీద నడిస్తే ఎవరో ఒకరు ‘‘ఎవరింటికొచ్చారండి?’’ అని అడుగుతారు. జవాబు చెప్పాల్సి వస్తుంది. మాట కలిస్తే ఇంటి పూర్వాపరాలు తెలిసిపోతాయి.

9. ఇంటిని బాగుచేసి పాడుచెయ్యండి

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశానికి తెరిచిన చోటు. పెంకుల మీంచి జారిన వాన అందులో పడి, తూములోంచి బయటికి పోతుంది. వేడిగాలి పైకి పోతుంది, గదులు చల్లబడతాయి. ముందు దాన్ని ఫైబరు షీటుతో మూసెయ్యండి. లోపల ఉడుకుతుంది కాబట్టి గదికో ఏసీ పెట్టండి. తూము ఎందుకుందో తెలియదు గనక సిమెంటుతో పూడ్చెయ్యండి.

గానుగ సున్నంతో కట్టిన గోడల మీద సిమెంటు పూత వేయించి, ఖరీదైన రంగు కొట్టించండి. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక రెండు వర్షాకాలాల్లో రంగంతా పొరలుపొరలుగా లేచిపోతుంది. పెయింటరుకి ఏటా పని దొరుకుతుంది. పెంకులు ఏటా వానలకి ముందు సర్దించాలన్న మాట వినొద్దు. ఒక్క పెంకు జరిగితే వాసం నానుతుంది, వాసం నానితే చెద వస్తుంది, చెద వస్తే టేకు దూలం పోతుంది. అప్పుడు ఇల్లు విప్పించి, స్తంభాలూ తలుపులూ ఏదో రిసార్టుకి అమ్మెయ్యొచ్చు. వాటికి గిరాకీ బాగా ఉంది. కొన్న ఇంటికంటే దాని కలపే ఎక్కువ పలికితే, పాత ఇళ్లని కాపాడినవాడిగా మీ పేరు నిలుస్తుంది.

10. అరుగు కొట్టించి ప్రహరీ లేపండి

వీధరుగు మీద మధ్యాహ్నం ఎవరో వచ్చి కూర్చుంటారు. పాలవాడు, పోస్టుమాను, ఎండకి అలిసిన దింపు కూలీ. వాళ్లకి తెలియని సంగతి ఊళ్లో ఉండదు. ఏ వీధిలో నీళ్లెప్పుడు నిలుస్తాయో, ఏ నుయ్యి ఉప్పగా మారిందో, ఏ స్థలం మీద కేసు నడుస్తోందో అన్నీ వాళ్ల నోట్లోనే ఉంటాయి. ఇంత ప్రమాదకరమైన జాగాని ఉంచకూడదు. కొట్టించెయ్యండి. ఎనిమిదడుగుల ప్రహరీ, ఇనుప గేటు, నాలుగు కెమెరాలు పెట్టించండి. మీరు హైదరాబాదులో విసిగిపోయి వదిలేసి వచ్చిన గేటెడ్ కమ్యూనిటీ ఇక్కడే తయారవుతుంది, నెలనెలా మెయింటెనెన్సు లేకుండా.

పక్కింట్లో పూతరేకులు తీస్తుంటే పొగొస్తోందని పంచాయతీకి అర్జీ పెట్టండి. నానబెట్టిన జయ బియ్యం రుబ్బి, పలుచన చేసి, బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పిండిలో ముంచిన గుడ్డని దాని మీద ఒక్క లాగు లాగితే రేకు లేస్తుంది. ఆ సెగ ముందు గంటలకొద్దీ కూర్చునేది ఆడవాళ్లు. ఆ చేతుల మీదే ఊరి పేరు నిలబడింది. 2023లో ఆత్రేయపురం పూతరేకుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే గుర్తింపు రేకుకి గానీ పొగకి కాదు కదా. పొగ ఆపించాక, ‘అసలైన ఆత్రేయపురం అనుభవం’ అని మీ గేటుకి బోర్డు తగిలించండి.

సందేహాలు, సమాధానాలు

వాస్తు చూపించాలా?
తప్పకుండా. ఇంటికి సంబంధించి మీరు సంప్రదించాల్సిన నిపుణుడు ఆయనొక్కడే. ఈశాన్యంలో నీళ్లుండాలంటాడు. మీరు ఎంచుకున్న స్థలంలో ఆగస్టు నెలకి ఎనిమిది దిక్కులా ఉంటాయి.

అమ్మానాన్నల్ని అక్కడ ఉంచి, మేము వచ్చిపోతుంటే ఎలా ఉంటుంది?
దివ్యంగా ఉంటుంది. అర్ధరాత్రి నాన్నగారికి గుండెలో నొప్పొస్తే కారు తీసేది మీరు గేటు వేసి దూరంపెట్టిన పక్కింటివాళ్లే. అందుకని వాళ్ల ఫోన్ నంబరు మాత్రం తీసుకోకండి, మొహమాటంగా ఉంటుంది.

ఏడాదికి ఎన్ని రోజులు ఉండగలం?
సంక్రాంతికి మూడు రోజులు. మిగతా రోజుల్లో ఇంటిని చెదపురుగులు చూసుకుంటాయి.

చిట్టచివరి చిట్కా

ఎవరెన్ని చెప్పినా ముందు ఏడాదిపాటు అద్దెకుండొద్దు. అద్దెకున్నారో, ఎండిన కాలవ మీ కంటబడుతుంది. మొదటి హెచ్చరిక నాడు ఏ వీధివాళ్లు సామాను సర్దుకుంటారో తెలుస్తుంది. వాడపల్లి శనివారాలు యాభై రెండూ లెక్కకొస్తాయి. అరుగు మీద కూర్చుంటే ఇల్లమ్మేవాళ్ల అప్పచెల్లెళ్లు ఎందరో, ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఏ ఇంటి కాగితం గట్టిదో, కాఫీ తాగేలోగా తేలిపోతుంది. అలా అద్దెకుండి చూసినవాళ్లు రెండు రకాలుగా తయారవుతారు. కొందరు కొనడం మానేస్తారు. కొందరు మెరక మీద, అందరి సంతకాలతో, అరుగున్న ఇల్లే కొంటారు. ఇద్దరిలో ఎవరూ మళ్లీ సలహాకి రారు. నాలాంటివాళ్ల వ్యాపారం నాలుగు కాలాలు సాగాలంటే దయచేసి సంక్రాంతికే వెళ్లండి, అడ్వాన్సు వెంట తీసుకెళ్లండి.